నాలుగు కాలాల ఊరు కావాలా? దాని చెడ్డ నెలను చూసి ఎంచుకోండి

నాలుగు కాలాలూ ఉన్న ఊరి ఫోటోలు చాలావరకు రెండు నెలల్లో తీసినవే ఉంటాయి. ఒకటి ఏప్రిల్, చెట్టునిండా పూలు. రెండోది అక్టోబరు, దారిపొడుగునా ఎర్రని ఆకులు. ఆ రెండు దృశ్యాలూ కలిపితే ఏడాదిలో నాలుగైదు వారాలు. మిగిలిన నలభై ఏడు వారాలు కూడా మనం అక్కడే ఉండాలి, ఉద్యోగానికి వెళ్లాలి, పిల్లల్ని బడికి పంపాలి, సరుకులు మోసుకురావాలి.

నేను కూడా అక్టోబరు చూసే ఊరు ఎంచుకున్నాను. నవంబరు రెండో వారానికి చెట్లన్నీ బోడిగా నిలబడ్డాయి. సాయంత్రం నాలుగున్నరకే వీధి దీపాలు. మంచు ఇంకా మొదలవలేదు కాబట్టి ఆ తెల్లటి అందమూ లేదు. తడి రోడ్లు, బూడిదరంగు ఆకాశం, అంతే. అక్కడ చలి ఎంతో ముందే కనుక్కున్నాను గానీ వెలుతురు ఎంతో కనుక్కోవాలని నాకు తట్టనే లేదు. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఊళ్లను పోల్చేటప్పుడు వాటి చెడ్డ నెలల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మంచి నెలలు అన్నిచోట్లా బాగానే ఉంటాయి.

ఏడాది సగటును నమ్మొద్దు

లండన్, సియోల్ తీసుకోండి. రెండింటి ఏడాది సగటు ఉష్ణోగ్రత ఇంచుమించు 12, 13 డిగ్రీలే. ఆ అంకె చూస్తే కవల పిల్లల్లా కనిపిస్తాయి. కానీ లండన్‌లో జనవరి సగటు 5 నుంచి 6 డిగ్రీలు, జులై సగటు 19. సియోల్‌లో జనవరి సగటు మైనస్ 2, ఆగస్టు సగటు 26. ఒకచోట చలికాలానికీ వేసవికీ మధ్య తేడా 13 డిగ్రీలు, ఇంకోచోట 28. లండన్‌లో ఒకే కోటుతో ఏడాదిలో సగం గడిపేయొచ్చు. సియోల్‌లో బీరువా మొత్తం రెండుసార్లు మార్చాలి. కాబట్టి ఏ ఊరి గురించి వెతికినా నెలవారీ పట్టిక తెరవండి. 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్ల సగటులు చాలా ఊళ్లకు దొరుకుతాయి. అందులో పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం, వాన పడే రోజులు, ఎండ కాసే గంటలు, ఈ నాలుగూ చూడండి.

ఇంత తేడా ఎందుకంటే, కాలాలు మారడానికి భూమి 23.4 డిగ్రీల వంపు కారణమే అయినా, ఆ మార్పు ఎంత గట్టిగా తగులుతుందన్నది గాలి ఎటునుంచి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. మధ్య అక్షాంశాల్లో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. ఖండానికి పడమటి అంచున ఉన్న ఊళ్లకు సముద్రం మీదుగా వచ్చే మెత్తటి గాలి అందుతుంది. తూర్పు అంచున ఉన్నవాటికి ఖండం మొత్తం దాటి వచ్చిన గాలి తగులుతుంది, చలికాలంలో గడ్డకట్టి, వేసవిలో కాగి. మాంట్రియల్ కన్నా లండన్ ఆరు డిగ్రీలు ఉత్తరాన ఉంది. అయినా మాంట్రియల్ జనవరి సగటు సుమారు మైనస్ 9.

దీన్నిబట్టి ఊళ్లను మూడు కుటుంబాలుగా అనుకుంటే పోల్చడం తేలిక. లండన్, డబ్లిన్, వాంకూవర్, సియాటెల్ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో నాలుగు కాలాలూ ఉంటాయి గానీ పెన్సిల్‌తో గీసినట్టు పల్చగా ఉంటాయి. మాంట్రియల్, టొరంటో, షికాగో లాంటి ఖండపు ఊళ్లలో ముదురు రంగుల్లో ఉంటాయి. ఈ రెండింటికీ మధ్యలో బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్, సియోల్, టోక్యో, వియన్నా ఉన్నాయి. నాలుగు కాలాలు కావాలనుకునే చాలామందికి నప్పేది ఈ మధ్య కుటుంబమే అని నా అభిప్రాయం. మెల్‌బోర్న్‌లో ఒక్కరోజులోనే నాలుగు కాలాలూ కనిపిస్తాయని అంటారు. అది నిజమే, కానీ ఉదయం నుంచి సాయంత్రానికి మారే వాతావరణం వేరు, ఏడాది పొడుగునా నెమ్మదిగా తిరిగే కాలచక్రం వేరు. మీకు కావలసింది రెండోదైతే ఆ మాట విని వెళ్లకండి.

వెలుతురు: ఎక్కువమంది మరిచిపోయే లెక్క

చలికి కోటు ఉంది, హీటర్ ఉంది. చీకటికి అంత తేలికైన మందు లేదు. అందుకే ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను.

డిసెంబరు చివర్లో, అంటే పగలు అతి చిన్నదైన రోజున, టోక్యోలో సూర్యుడు 9 గంటల 45 నిమిషాలు ఉంటాడు. బోస్టన్‌లో 9 గంటల పైచిలుకు, మాంట్రియల్‌లో 8 గంటల 40 నిమిషాలు, లండన్‌లో 7 గంటల 50 నిమిషాలు. స్టాక్‌హోమ్‌లో ఆరు గంటలు. నలభై అయిదో అక్షాంశం దాటాక ప్రతి డిగ్రీకీ తేడా తెలుస్తుంది.

గడియారం కూడా ఇందులో పాత్రధారే. బోస్టన్ తన టైమ్ జోన్‌కు తూర్పు కొసన ఉండటంతో డిసెంబరు మొదట్లో అక్కడ సూర్యాస్తమయం 4 గంటల 12 నిమిషాలకే. ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉన్న మాడ్రిడ్ తన జోన్‌కు పడమటి కొసన ఉంది, అక్కడ అదే రోజుల్లో ఆరింటికి పది నిమిషాల ముందు దాకా వెలుగు ఉంటుంది. బదులుగా పొద్దున్నే ఎనిమిది దాటినా చీకటే. మీరు వేకువనే లేచే మనిషా, సాయంత్రం బయట తిరిగే మనిషా అన్నదాన్నిబట్టి ఈ రెంట్లో ఏది నయమో తేలుతుంది.

పగలు ఎన్ని గంటలున్నా మబ్బు పడితే ఏం లాభం? జనవరి మొత్తానికి లండన్‌లో ఎండ కాసేది సుమారు 60 గంటలు. సియోల్‌లో 170, టోక్యోలో 190. అంటే టోక్యో చలికాలం చల్లగా ఉన్నా నీలాకాశం కింద గడుస్తుంది. అదే జపాన్‌లో ఉత్తరాన ఉన్న సప్పొరోకు వెళ్తే కథ మారిపోతుంది. సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ పీల్చుకుని, ఆ తేమనంతా పడమటి తీరం మీద, సప్పొరో మీద మంచుగా కురిపిస్తుంది. ఏడాదికి దాదాపు అయిదు మీటర్లు. ప్రధాన ద్వీపం నడుమ ఉన్న కొండలు దాటాక మిగిలిన పొడిగాలి మాత్రమే టోక్యో చేరుతుంది.

చీకటి నెలల్లో వచ్చే దిగులుకు వైద్యంలో పేరు ఉంది, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్. నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు 1984లో దీన్ని వివరించారు. పొద్దున్నే 10,000 లక్స్ వెలుతురునిచ్చే దీపం ముందు అరగంట కూర్చోవడం దీనికి వాడే చికిత్సల్లో ఒకటి. ఇంతకుముందెప్పుడైనా మబ్బుపట్టిన వారాల్లో మీకు మనసు మందగించినట్టు, నిద్ర ఎక్కువైనట్టు అనిపించి ఉంటే, లండన్, వాంకూవర్ కన్నా టోక్యో, సియోల్, డెన్వర్‌ను ముందు పెట్టుకోండి. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తున ఉంది, మంచు ఏడాదికి మీటరు దాటి పడుతుంది, కానీ ఎండ బాగా కాస్తుంది కాబట్టి రోడ్ల మీద మంచు చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది.

మంచు ఎంత పడుతుందని కాదు, ఎవరు తీస్తారని అడగండి

కొత్తగా వచ్చేవాళ్లు మంచు లోతు గురించి టెన్షన్ పడతారు. రెండు మీటర్లు పడే మాంట్రియల్ అంటే భయం, మీటరుకు కాస్త పైన పడే బోస్టన్ అంటే ధైర్యం. నా అనుభవంలో అసలు ఇబ్బంది సున్నా డిగ్రీల చుట్టూ ఊగిసలాడే చలితో వస్తుంది. పగలు కరిగి నీళ్లవుతుంది, రాత్రి గడ్డకట్టి గాజులా మారుతుంది. కాలు జారేది అప్పుడే. బోస్టన్, న్యూయార్క్, టొరంటోల్లో ఇలాంటి రోజులు చాలా ఉంటాయి. స్థిరంగా మైనస్ 8 ఉండే ఊళ్లో మంచు పొడిగా ఉంటుంది, బూట్ల కింద కరకరలాడుతుంది, బట్టలు తడవవు. వినడానికి వింతగా ఉన్నా ఆ చలే తేలిక.

మంచుకు అలవాటు పడ్డ ఊరు దాన్ని లారీల్లో ఎత్తి తరలిస్తుంది. మాంట్రియల్ ఈ పనిలో ఆరితేరింది. మెట్రో స్టేషన్లనూ భవనాలనూ కలుపుతూ అక్కడ 30 కిలోమీటర్లకు పైగా భూగర్భ నడకదారులు కూడా ఉన్నాయి. కారు ఉంటే మాత్రం అక్కడి క్యూబెక్ రాష్ట్ర చట్టం ప్రకారం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. బోస్టన్‌లో ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయాల్సిన బాధ్యత ఇంటి యజమానిది, కురవడం ఆగిన మూడు గంటల్లోగా. అద్దెకు దిగేముందు ఆ పని ఎవరు చేస్తారో ఒప్పందంలో చూసుకోండి. పారతో మంచు ఎత్తడం సరదాగా ఉండేది మొదటి రెండుసార్లే.

సరస్సు పక్కన ఉన్న ఊళ్లయితే ఏ ఒడ్డున ఉన్నాయో కూడా చూడాలి. ఈరీ సరస్సు మీదుగా వచ్చే పడమటి గాలికి ఎదురుగా ఉన్న బఫెలోకు ఏడాదిలో 240 సెంటీమీటర్ల దాకా మంచు పడుతుంది. అంటారియో సరస్సుకు వాయవ్య ఒడ్డున ఉన్న టొరంటోకు అందులో సుమారు సగమే. రెండింటి మధ్య దూరం రెండు గంటల కారు ప్రయాణం.

ఇంటి లోపలి చలి ఇంకో సంగతి. సియోల్ ఫ్లాట్లలో నేలే వెచ్చగా ఉంటుంది, వేడి నీళ్ల గొట్టాలు గచ్చు కింద నుంచి వెళ్తాయి. సప్పొరో ఇళ్లు గట్టి ఇన్సులేషన్‌తో కడతారు. వాటితో పోలిస్తే టోక్యోలో చాలా పాత ఇళ్లు పల్చని గోడలవి, బయట 5 డిగ్రీలే అయినా గదిలో వణుకు పుడుతుంది. లండన్ పాత ఇళ్ల కిటికీ సందుల గురించి కూడా ఇదే మాట. ఇల్లు చూసేటప్పుడు కిటికీకి రెండు పొరల గాజు ఉందా, హీటింగ్ దేనిమీద నడుస్తుంది, గోడ మూలల్లో చెమ్మ మరకలు ఉన్నాయా అని చూడండి.

వసంతం ఎంతసేపు ఉంటుంది

కొన్ని ఊళ్లలో వసంతం పేరుకే ఉంటుంది. మాంట్రియల్‌లో మార్చి ఇంకా చలికాలమే, ఏప్రిల్ బురద, మే మధ్యలో హఠాత్తుగా అంతా పచ్చబడుతుంది. బోస్టన్‌లో అట్లాంటిక్ నీళ్లు చల్లగా ఉండటంతో సముద్రపు గాలి మే దాకా ఊరిని వెనక్కి లాగుతుంది. షికాగోలో సరస్సు ఒడ్డుకీ లోపలి పేటలకీ ఒకే మధ్యాహ్నం పది డిగ్రీల తేడా రావచ్చు. వాషింగ్టన్‌లో మాత్రం మార్చి చివరికే చెర్రీలు పూస్తాయి. ఆ చెట్లు టోక్యో నగరం 1912లో పంపిన కానుక. పొడుగైన, నింపాదైన వసంతం కోరుకునేవాళ్లకు వాషింగ్టన్, టోక్యో రెండూ నచ్చుతాయి.

అయితే అలర్జీ ఉన్నవాళ్లకు ఇదే చెడ్డ కాలం. టోక్యోలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సెడార్ చెట్ల పుప్పొడితో ఊరంతా తుమ్ముతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కలప కోసం చుట్టుపక్కల కొండల మీద ఆ చెట్లు విపరీతంగా నాటారు. సియోల్‌కు వసంతంలో ఎడారుల నుంచి పసుపు దుమ్ము వస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలుంటే దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

పూలు పూసే తేదీలూ స్థిరంగా లేవు. క్యోటోలో చెర్రీ పూతకు సంబంధించి 812వ సంవత్సరం నుంచి రికార్డులు ఉన్నాయి. 2021లో నిండు పూత మార్చి 26న వచ్చింది, అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్లలో అంత ముందుగా ఎప్పుడూ రాలేదు.

ఆకుల రంగు కోసమే వెళ్తుంటే

ఇది కోరదగిన కోరికే, నేను తక్కువ చేయను. కానీ అన్ని ఊళ్లూ ఎర్రబడవు. చలి మొదలవగానే ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, అంతవరకూ దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా దాగి ఉండదు. చెట్టు ఆ కొద్ది వారాల్లో కొత్తగా తయారుచేసుకుంటుంది. దానికి పగలు ఎండ కావాలి, రాత్రి చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. ఆ గుణం ఉన్న చెట్ల జాతులు ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, జపాన్, కొరియాల్లో ఎక్కువ. యూరప్ అడవులు ఎక్కువగా పసుపు, గోధుమ రంగులకే ఆగిపోతాయి. వియన్నా చుట్టూ అడవి బంగారంలా ఉంటుంది. నిప్పులాంటి ఎరుపు కావాలంటే బోస్టన్, మాంట్రియల్, సియోల్, క్యోటో.

దక్షిణార్ధగోళంలో కాన్‌బెర్రా గురించి చెప్పాలి. అక్కడి సహజమైన యూకలిప్టస్ చెట్లు ఆకు రాల్చవు. ఊరిని ప్రణాళిక ప్రకారం కట్టినప్పుడు బయటినుంచి తెచ్చి నాటిన చెట్ల వల్లే ఏప్రిల్, మే నెలల్లో వీధులు రంగు మారతాయి. జులైలో తెల్లవారుజామున సున్నా, మధ్యాహ్నానికి 12 డిగ్రీలు, పైన ఎండ. ఊళ్లో మంచు కురవడం అరుదు. చలికాలం భయపెట్టకుండా నాలుగు కాలాలూ చూపించే ఊరు ఇది. మీ బంధువులంతా ఉత్తరార్ధగోళంలో ఉంటే సెలవులు కలవవు, అదొక్కటి ఆలోచించుకోండి.

వేసవిని తక్కువ అంచనా వేయకండి

నాలుగు కాలాల ఊరు అనగానే అందరూ చలికే సిద్ధమవుతారు. సియోల్‌లో జూన్ చివరి నుంచి నెలపాటు వానలు, ఏడాది వర్షంలో సగానికి పైగా మూడు వేసవి నెలల్లోనే పడుతుంది. టోక్యో ఆగస్టు రాత్రి కూడా ఉక్కపోతే, సెప్టెంబరు, అక్టోబరుల్లో తుఫాన్లు. వాషింగ్టన్ జులై సగటు 27 డిగ్రీలు, గాలినిండా తేమ. అయితే ఈ మూడింట్లోనూ ఇళ్లకు ఏసీలు మామూలే.

యూరప్‌లో అలా కాదు. 2022 జులై 19న లండన్‌లో 40 డిగ్రీలు దాటింది. పారిస్‌లో 2019 జులైలో 42.6. చలిని లోపలికి రానివ్వకుండా కట్టిన ఆ ఇళ్లు వేడిని బయటికి పోనివ్వవు, ఏసీ చాలా ఇళ్లలో లేదు. పై అంతస్తు ఫ్లాట్, పడమటి కిటికీలు, బయటివైపు షట్టర్లు లేకపోవడం, ఈ మూడూ కలిసిన ఇల్లు వియన్నాలో అయినా పారిస్‌లో అయినా వద్దు. ఖండపు ఊళ్లూ ఏమీ తీసిపోవు. 1995 జులైలో షికాగోలో వడగాలికి 700 మందికి పైగా చనిపోయారు.

పొగ కూడా ఇప్పుడు ఒక కాలంలా తయారైంది. 2023 జూన్‌లో క్యూబెక్ అడవుల మంటలతో న్యూయార్క్ ఆకాశం నారింజరంగుకు తిరిగింది. 2020 జనవరిలో కాన్‌బెర్రా పొగలో మునిగింది. గాలి శుద్ధి చేసే యంత్రం ఒకటి ఇంట్లో ఉండటం మంచిది.

ఎవరికి ఏది

జీవితంలో చలి ఎరగనివాళ్లకు మొదటి ఊరిగా టోక్యో గానీ వాషింగ్టన్ గానీ చెబుతాను. నాలుగూ స్పష్టంగా తెలుస్తాయి, చలికాలం మనిషిని మింగేయదు. నిజమైన మంచు కావాలి, కారు వద్దు అంటే మాంట్రియల్, భాష అడ్డు కాకపోతే సప్పొరో కూడా. వేసవిలో ఉక్కపోత తట్టుకోలేనివాళ్లకు సప్పొరో ఇంకా మేలు, ఆగస్టు సగటు 22 డిగ్రీలే. ఎండ లేకపోతే కుంగిపోయేవాళ్లకు డెన్వర్. అంతా మధ్యస్థంగా, నడిచి తిరిగేలా కావాలంటే వియన్నా, నవంబరు నుంచి జనవరి దాకా మబ్బును ఒప్పుకుంటే. పెద్దవయసు తల్లిదండ్రులు వెంట ఉంటే జారే మంచున్న ఊళ్లన్నీ పక్కన పెట్టి కాన్‌బెర్రా, టోక్యో చూడండి.

ఒక్కటే చెప్పమంటే నేను సియోల్ అంటాను. చలికాలం గట్టిగా ఉన్నా ఎండ ఉంటుంది, ఆకురాలే కాలం పొడిగా, తేటగా ఉంటుంది, మెట్రో ఎక్కి కొండ దగ్గర దిగొచ్చు. జులై వానలు, వసంతపు దుమ్ము దాని చెడ్డ ముఖం. అవి నేను భరించగలను. నవంబరు చీకటి మాత్రం భరించలేను. మీ లెక్క తిరగబడొచ్చు, అప్పుడు మీ ఊరూ వేరే అవుతుంది.

నిర్ణయానికి ముందు రెండు వారాలు వెళ్లి ఉండి రండి, చెడ్డ నెలలోనే. లండన్, వియన్నాలకు నవంబరు చివర. మాంట్రియల్, బోస్టన్‌లకు మార్చి, ఎందుకంటే చలికాలంతో ఓపిక అయిపోయేది అప్పుడే. సియోల్, టోక్యోలకు జులై చివర. కాన్‌బెర్రాకు జులై. హోటల్ వద్దు, మామూలు ఇల్లు అద్దెకు తీసుకోండి. పొద్దున్న ఏడున్నరకు బస్‌స్టాప్‌లో నిలబడండి, సరుకుల సంచులతో నడిచి రండి, సాయంత్రం అయిదింటికి ఏం చేయాలనిపిస్తోందో గమనించండి. రెండో వారం చివర్లో ఇంకో నాలుగు రోజులు ఉంటే బాగుండనిపిస్తే, ఇల్లు వెతకడం మొదలుపెట్టండి.